ఆడకుండానే తెలిసిన ఆట

హైమవతికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు అభిప్రాయాలు లేవు. తాగుడో పేకాటో ఉంటే నలుగురిలో చెప్పుకుని ఏడవడానికైనా వీలుంటుంది. అభిప్రాయాలు లేని మగవాడి గురించి ఎవరికి చెప్పుకోవాలి? ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఏం వండిపెట్టినా పినాకపాణి "పర్లేదు" అనే తిన్నాడు. గుత్తివంకాయ పర్లేదు. మాడిన ఉప్మా పర్లేదు. పెళ్ళయిన కొత్తలో ఓసారి ఆమె పంతం కొద్దీ చారులో ఉప్పు వెయ్యకుండా వడ్డించి చూసింది. రెండు గరిటెలు ఎక్కువే పోయించుకుని, చెయ్యి కడుక్కుంటూ పర్లేదన్నాడు.

అలాంటి మనిషి, విజయవాడలో, కంప్యూటర్ ఆటల మీద అభిప్రాయాలు చెప్పడానికే పెట్టిన ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు.

ఆ కార్యాలయం పూర్తి పేరు రాష్ట్ర అంకీయ వినోద యోగ్యతా మండలి. అంకీయమంటే డిజిటల్. రాష్ట్రంలో తయారైన ఏ ఆటయినా అమ్మకానికి వెళ్ళే ముందు మండలి దాన్ని పరిశీలించి 'యోగ్యం' అనో 'అయోగ్యం' అనో ముద్ర వెయ్యాలి. మండలిలో ఏడుగురు సభ్యులు. అందరూ రకరకాల శాఖల్లో పనిచేసి రిటైరైన పెద్దలు. వాళ్ళ చిత్తశుద్ధిని శంకించడానికి లేదు. కానీ ఆటలే రానురాను మొండికేశాయి. సభ్యుడు కత్తి పట్టుకుని కోటలోకి అడుగు పెట్టగానే వాకిట్లో కాపలావాడు ఒక్క వేటు వేసేవాడు. ఆట మళ్ళీ మొదటికొచ్చేది. నాలుగేళ్ళలో ఏ సభ్యుడూ ఏ ఆటలోనూ వాకిలి దాటలేదు. అందుచేత నివేదికలన్నీ వాకిళ్ళ గురించే ఉండేవి. "ద్వారబంధము పనితనము ప్రశంసనీయము. ఇరువైపులా దీపములు కలవు. లోపలి భాగము సైతము ఇదే స్థాయిలో ఉండగలదని భావించడమైనది."

తర్వాత డీఎల్‌సీలు వచ్చి ఆ కాస్త వీలూ పోయింది. డీఎల్‌సీ అంటే మరేం లేదు, డాబా మీద పై అంతస్తు వేసినట్టు, ఉన్న ఆటకే తర్వాత డౌన్‌లోడ్ చేసుకుని తగిలించుకునే కొత్త భాగం. కింది ఆట గెలిస్తేనే పైకి మెట్లు కనిపిస్తాయి. వాకిలి దాటని వాళ్ళు మేడ ఎప్పుడెక్కుతారు? ఫైళ్ళు బీరువా మీదికి, బీరువా మీంచి కిటికీ గట్టు మీదికి పాకాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పినాకపాణి ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని, మండలి అధ్యక్షుల వారిని భోజనానికి పిలిచాడు.

అధ్యక్షులు విశ్వంభరం గారు చిన్న నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసి దిగిన మనిషి. ఆయన విస్తరి ముందు కూర్చున్నా ఫైలు ముందు కూర్చున్నట్టే మాట్లాడతారు.

"పులిహోర విషయమై ఒక స్పష్టీకరణ కోరుతున్నాను. ఉప్పు, పులుపు, కారము మూడునూ సమపాళ్ళలో ఉన్నవి. మధ్యలో రుచి చూసి సవరించితిరా?"

"అయ్యో, నైవేద్యం కదండీ. స్వామికి పెట్టకుండా నోట్లో వేసుకోకూడదు," అంది హైమవతి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. పొగిడినవాళ్ళ ముందు ఆగడం ఆమెకు చేతకాదు. "రుచి చూడడమెందుకండీ, గిన్నెలోకి ఒక్క చూపు చూస్తే నాకు తెలిసిపోతుంది."

"పొరపాటు దొర్లిన సందర్భములు?"

"ఇరవై ఆరేళ్ళలో ఒక్కటీ లేదండి."

నిజానికి రెండు మూడుసార్లు దేవుడు ఇబ్బంది పడిన మాట వాస్తవమే. అయితే అటునుంచి ఫిర్యాదేమీ రాలేదు. ఇటు చూస్తే పినాకపాణి.

విశ్వంభరం గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రుచి చూడకుండా రుచి చెప్పే మనిషి! ఆడకుండా ఆట సంగతి తేల్చగల మనిషి కోసం నాలుగేళ్ళుగా ఆయన వెతుకుతున్నారు. మండలిలో గృహస్థుల తరఫున ఒక సభ్యురాలు ఉండాలని చట్టంలోనే ఉంది. ఆ కుర్చీ మొదట్నుంచీ ఖాళీ. తొమ్మిదో రోజుకల్లా హైమవతి పేర ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు కొయ్య మీద తెల్లక్షరాలతో పేరుపలక. ఆమె దాన్ని ఒకసారి తుడిచింది. దుమ్మేమీ లేకపోయినా మళ్ళీ తుడిచింది.

*

ఆమె ముందుకు వచ్చిన మొదటి ఫైలు 'నీలిమేడ'. అంతకు ముందే జనంలోకి వెళ్ళిన 'రాతికోట' అనే ఆటకు అది అదనపు భాగం. రాతికోట ఎంత కష్టమైన ఆటంటే, దాన్ని పూర్తి చేసినవాళ్ళు ఆ ముక్క పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకుంటున్నారట. నీలిమేడ అంతకన్నా కష్టమని ప్రతీతి. చివరి గదిలో నీలిమేడ రాణి ఉంటుంది. ఆమెను ఓడిస్తే ఆట ముగుస్తుంది.

సభ్యులు మెట్లెక్కలేరు కనుక, పరిశీలన నిమిత్తం తమను నేరుగా మేడ మీదే దింపవలసిందిగా మండలి తయారీదార్లకు మెమో పంపింది. వాళ్ళు అలాగే చేసి పంపారు. ఆడేది ఎవరన్నదే ప్రశ్న. కీబోర్డుతో పరిచయమున్నవాడు కార్యాలయం మొత్తానికి ఒక్కడే, టైపిస్టు సుందరరావు. ఇంకో పది నెలల్లో రిటైరవుతాడు. టైపు హయ్యర్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. చేతుల కింద ఏముందో, ఎదురుగా ఏముందో చూడకుండా, ఎడమ పక్కన పెట్టుకున్న కాగితాన్నే చూస్తూ కొట్టడం ఆయన శిక్షణ. ఆట కూడా అలాగే ఆడాడు. ఎడమ పక్కన కాగితం లేదు గనక గోడనున్న క్యాలెండరు చూస్తూ ఆడాడు.

కంప్యూటరుకు స్పీకర్లు లేవు. సెక్షన్‌లో పనికి భంగమని ఎప్పుడో పీకేశారు.

హైమవతి తెరవైపు కూర్చోలేదు. తెర చూడడమంటే సగం రుచి చూసినట్టే కదా అనుకుని, తన పద్ధతిలో తాను ఒక మెట్టు పైకెళ్ళి, సుందరరావుకు ఎదురుగా కుర్చీ వేయించుకుంది. ఆట సంగతి ఆయన మొహంలో చదివింది. ఇరవై నిమిషాల్లో ఆయన నుదుట చెమట పట్టింది. పెదవులు కదిలాయి. ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై ఒకటోసారి రాణి చేతిలో పడ్డాక, "నా వల్ల కాదమ్మా, నడుం పట్టేసింది," అని లేచిపోయాడు.

ఆమెకది చాలు. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివి, ఇన్నేళ్ళూ పాలవాడి పద్దులు తప్ప రాయని చెయ్యి కావడం వల్ల, ఆ మధ్యాహ్నం నివేదిక ఏడు పేజీలు సాగింది. "ఈ మేడలో కరుణ లేదు. ఏ సూచనా లేకుండా మీద పడే ఈ రాణి, ఫోనైనా చెయ్యకుండా పదిమందిని వెంటేసుకుని దిగే చుట్టం వంటిది. గెలిచే దారి ఉంచకపోవడం కష్టం కాదు, అన్యాయం." ఆ చివరి వాక్యం ఆమెకు ఎంత నచ్చిందంటే, స్కేలు అడిగి పుచ్చుకుని కింద గీత గీసింది. ముద్ర పడింది. అయోగ్యం.

బయట వరండాలో కూలరు పక్కన బల్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పేరు పారిజాత. నీలిమేడ తయారు చేసింది తనే. కాకినాడలో దర్జీ కొట్టు పైన రెండు గదులు, నలుగురు మనుషులు, మూడేళ్ళ పని. ముద్ర చూసి ఏడవలేదు, గొడవా చెయ్యలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది.

"మీరు ఆడారా మేడమ్?"

"ఆడకుండానే తెలుస్తుందమ్మా," అంది హైమవతి, పేరుపలకను సంచిలో సర్దుకుంటూ.

*

ఒకే మధ్యాహ్నంలో ఒక ఫైలు తేలిపోవడం మండలి చరిత్రలో లేదు. విశ్వంభరం గారు పొంగిపోయి సర్క్యులరు జారీ చేశారు. "ఇందుమూలముగా యావన్మంది సభ్యులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట పరిశీలన యావత్తు నైవేద్య పద్ధతిన జరుగవలెను. ఆటను తాకిన సభ్యునికి దానిపై ఇష్టమో అయిష్టమో కలుగుట సహజము గనుక, తాకిన వారి అభిప్రాయము పక్షపాతముతో కూడినదిగా పరిగణింపబడును."

మొదటి దెబ్బ సుందరరావు మీద పడింది. నీలిమేడను ముప్ఫై ఒక్కసార్లు తాకిన మనిషి కనుక, ఆయన బల్లను సెక్షన్‌లోంచి తీసి మెట్ల కింద వేశారు. "పోన్లెండి, ఇక్కడ గాలొస్తోంది," అన్నాడాయన.

తర్వాత పద్ధతికి పదును పెట్టారు. మొహం చూడడం కూడా ఎక్కువేనని ఒక సభ్యుడు వాదించాడు. ఆట పేరు చూస్తే చాలన్నారు. పేరు చదివినా మనసులో ఏదో ఒకటి మెదులుతుందని ఇంకొకాయన అన్నాక, ఫైలు నంబరు చూస్తే చాలన్నారు. హైమవతి వాళ్ళందరికీ గురువు. మొదట జిల్లాల నుంచి నలభై మంది అధికారులకు మూడు రోజుల శిక్షణ శిబిరం. పశుసంవర్ధక శాఖ ఆయన ఒకరు చెయ్యెత్తి, "మేడమ్, నా మనసులో ఏమీ తోచడం లేదు. ఇది యోగ్యమా, అయోగ్యమా?" అనడిగితే, "ఏమీ తోచకపోవడం చాలా మంచి లక్షణమండి," అని శాలువా కప్పుకుని మరీ చెప్పింది. ఆ మాట ఆయన రాసుకున్నాడు. ఆయన రాసుకోవడం చూసి మిగతా ముప్ఫై తొమ్మిది మందీ రాసుకున్నారు. ఆ క్షణంలో తనకు కొంచెం సిగ్గేసిందని ఆమె తర్వాత అనుకుంది గానీ, అప్పుడు మాత్రం శాలువా రంగు బ్లౌజుకి నప్పిందా లేదా అన్నదే ఆమె దిగులు.

ఇతర శాఖలూ ఆసక్తి చూపించాయి. రోడ్ల శాఖ వాళ్ళు మాత్రం వచ్చి, విని, నవ్వి, "మా దగ్గర ఇది మొదట్నుంచీ ఉందండి," అని టీ తాగి వెళ్ళారు.

శీతాకాలం వచ్చేసరికి మండలి ఇంకా తయారు కాని ఆటలకు కూడా ముద్రలు వేస్తోంది. తయారు కానిది ఎవరూ తాకలేదు కనుక, పరిశీలనకు అంతకన్నా పవిత్రమైనది లేదు. ఒకాయన దరఖాస్తులో 'ఆట పేరు' అన్నచోట 'ఆలోచిస్తున్నాను' అని రాసి పంపాడు. సాయంత్రానికల్లా యోగ్యం. తయారైపోయిన ఆటలు మాత్రం అనుమానాస్పదంగా వరండాలో ఆగిపోయాయి.

*

ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి పారిజాత సత్యనారాయణపురంలో హైమవతి ఇంటి తలుపు తట్టింది. భుజానికి ల్యాప్‌టాప్ సంచి.

"అప్పీలు పెట్టాం ఆంటీ. ఇరవయ్యో తారీఖు విచారణ," అంది, మంచినీళ్ళ గ్లాసు అందుకుని. ఇంట్లోకొచ్చాక మేడమ్ కాస్తా ఆంటీ అయింది.

"ఓడిపోతే?"

"ఐదేళ్ళదాకా మా పేరుతో ఏదీ పంపకూడదంట. ఐదేళ్ళెవరుంటారు? మా నలుగురిలో ఇద్దరు ఆల్రెడీ ఇంటర్వ్యూలకెళ్ళొచ్చారు. నాతో చెప్పలేదు. ఇస్త్రీ చొక్కాలేసుకొచ్చారు, అర్థమైపోయింది."

హైమవతికి ఆ పిల్ల మీద జాలేసింది. జాలేసినప్పుడు సలహా ఇవ్వడం ఆమె అలవాటు. "అంత పట్టుదలెందుకమ్మా? ఆ రాణిని కాస్త మెత్తబరిస్తే పోలా. మూడు దెబ్బలకి పడిపోయేట్టు చెయ్యి, నేనే యోగ్యం రాయిస్తా."

"చెయ్యొచ్చు. పావుగంట పని. కానీ అప్పుడు గెలిచినోళ్ళకి ఏం గెలిచారో తెలీదు ఆంటీ." పారిజాత గ్లాసు కింద పెట్టింది. "ఏ సూచనా లేకుండా అని రాశారు మీరు. ఆ సూచన కుదరడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అదెక్కడుందో నేను చెప్పను. చెప్తే నేను నేర్పినట్టవుద్ది. ఒక్కసారి మీరే ఆడండి. ఆడి కూడా అయోగ్యమే అంటే, అప్పీలు కాగితం నేనే చింపేసి కాకినాడ బస్సెక్కుతా."

"నేను ముట్టుకుంటే అనర్హురాలిని. రూలు."

"తెలుసు. నేనైతే తయారు చేశాను, నాకంటే అనర్హులు ఎవరూ లేరంట. విచారణలో కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదని నోటీసులో రాశారు." ఆమె లేచి, ల్యాప్‌టాప్ సంచి టీపాయ్ మీదే ఉంచింది. "ఇది బరువు ఆంటీ, బస్సులో మొయ్యలేను. ఇరవయ్యో తారీఖు ఎట్టాగూ వస్తాగా, అప్పుడు తీసుకెళ్తా. రాణి గది తలుపు ముందు నిలబెట్టి ఉంచాను. ఊరికే చెప్తున్నా."

*

మూడు రోజులు హైమవతి ఆ సంచిని దుమ్ము దులిపి, ఎక్కడిదక్కడే పెట్టింది. నాలుగో రోజు భోజనాలయ్యాక తెరిచింది. వేరే ఉద్దేశమేమీ లేదు. తన నివేదిక ఎంత సరైనదో ఒకసారి కళ్ళారా చూసుకుని సంతోషిద్దామనే.

తలుపు తోసింది. నీలం వెలుగులో పొడుగాటి గది. చివర రాణి. హైమవతి ఏ బటను దేనికో చూసుకునేలోపే రాణి వచ్చి ఒక్కటిచ్చింది. తెర నల్లబడి, మధ్యలో చిన్న అక్షరాలు వచ్చాయి. 'లేవండి.'

ఆమె కాసేపు ఆ మాటనే చూసింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అందరినీ లేపేది తనే. తనను ఇంత మర్యాదగా లేపినవాళ్ళు లేరు. లేచింది. మళ్ళీ ఒక్కటి. లేవండి. ఆ సాయంత్రం కాఫీ వేళకి నలభై నాలుగుసార్లు లేచింది. "చూశారా, అన్యాయం," అని గోడతో అంది. అయినా కాఫీ పెట్టడం మర్చిపోయింది.

రెండో రోజు రాణిని తిట్టింది. తిట్లలో కొన్ని తనకు వచ్చునని ఆమెకే తెలియదు. మూడో రోజు గిన్నెలు సింకులోనే నానాయి. పినాకపాణి పెరుగన్నం తిని పర్లేదన్నాడు. నాలుగో రోజు, తొంభై ఎన్నోసారో పడినప్పుడు, ఆమె చెయ్యి బటను మీంచి తీసేసి ఊరికే నిలబడి చూసింది. చూడడం కూడా కాదు, విన్నది. వంటింట్లో తిరగమోత వేసి హాల్లోకొచ్చి కూర్చుని, ఆవాల చిటపట విని "మంట తగ్గించండి" అని చెప్పగల చెవులవి. రాణి కాళ్ళకు అందెలున్నాయి. నడుస్తుంటే తేలిగ్గా మోగుతున్నాయి. కత్తి ఎత్తే ముందు మాత్రం రెండు తేలిక మోతలు, ఒక బరువు మోత. ఆ బరువు మోత తర్వాత ఒక్క లిప్త ఆగి, అప్పుడు వేటు. ప్రతిసారీ. ఒక్కసారి కూడా చెప్పకుండా కొట్టలేదు.

స్పీకర్లు పీకేసిన కంప్యూటరు ముందు, క్యాలెండరు చూస్తూ ఆడిన మనిషి మొహం చూసి తను ఏడు పేజీలు రాసింది.

తెలిసినంత మాత్రాన గెలవలేదు. తెలిశాక కూడా ఇంకో ఎనభై ఎనిమిదిసార్లు పడింది. కానీ ఇప్పుడు పడిన ప్రతిసారీ తప్పెవరిదో తెలుస్తోంది. తొందరపడ్డాను. ఆశపడి ఇంకో దెబ్బ వేశాను. భయపడి వెనక్కి ఉరికాను. ఆరో రోజు మధ్యాహ్నం మూడు దాటాక రాణి మోకాళ్ళ మీద కూలబడి, అందెలు విప్పి గడపలో పెట్టి, గదిలో దీపం తగ్గించి లోపలికి వెళ్ళిపోయింది. హైమవతి పక్కింటావిడను పిలిచి చెబుదామని గుమ్మందాకా వెళ్ళింది. ఏమని చెప్పాలో తెలియక వెనక్కొచ్చింది. తర్వాత, స్కేలు పెట్టి గీత గీసిన వాక్యం గుర్తొచ్చి మంచం మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం పినాకపాణి చెప్పులు విడుస్తుండగానే చెప్పేసింది.

"ఏమండీ, నేను ఆడాను."

"ముట్టుకున్నావా?"

"గెలిచాను కూడా."

ఆయన రెండో చెప్పు విప్పకుండా నిలబడ్డాడు. "అయితే నీ రిపోర్టు?"

"తప్పు."

పినాకపాణి చొక్కా తీసి కొక్కేనికి తగిలించాడు. చాలాసేపు దాని మడతలు సరిచేశాడు. "నువ్వు ముట్టుకున్నావు గనక ఇప్పుడు నువ్వేం చెప్పినా చెల్లదు. ముట్టుకోకముందు రాసిందే చెల్లుతుంది. ఒక్కటుంది. రూలు ఇరవై రెండు. సభ్యుడు తన నిర్ణయం తప్పని సమావేశంలో నోటితో ఒప్పుకుంటే, ముద్ర అక్కడికక్కడే తిరగబడుతుంది. అయోగ్యం యోగ్యమైపోతుంది. మళ్ళీ విచారణ ఉండదు."

"ఎవరైనా ఒప్పుకున్నారా ఇప్పటిదాకా?"

"ఫారాలు అచ్చేయించిన కట్టకి తాడు కూడా విప్పలేదు."

"మీరేమంటారు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "సాకు చెప్పకూడదు. అందరికీ వినబడాలి. రూలులో అలాగే ఉంది," అన్నాడు. ఇలాంటప్పుడైనా ఒక అభిప్రాయం చెప్పొచ్చు కదా అని ఆమెకు ఒళ్ళు మండింది.

*

ఇరవయ్యో తారీఖు విచారణ సరిగ్గా పదకొండింటికి మొదలైంది. మెట్ల కింద నుంచి సుందరరావును మినిట్స్ టైపు చెయ్యడానికి తాత్కాలికంగా పైకి రప్పించారు. పారిజాత బల్ల చివర కూర్చుని ఉంది. మాట్లాడకూడదన్న నోటీసు ఆమె ముందే మడత పెట్టి ఉంది.

సభ్యులు ఒక్కొక్కరే లేచి ప్రమాణం చేశారు. "నేను ఈ ఆటను చూడలేదు, తాకలేదు, దీని గురించి వినలేదు. కావున దీనిని నిర్ణయించుటకు అర్హుడను." ఏడుగురూ అయ్యారు. హైమవతి వంతు వచ్చింది.

"నేను ముట్టుకున్నానండి," అంది.

"ఎన్ని పర్యాయములు?" అన్నారు విశ్వంభరం గారు.

"నూట ఎనభై రెండుసార్లు పడ్డానండి. ఒకసారి గెలిచాను."

ఒక సభ్యుడు తన కుర్చీని ఆమెకు కొంచెం దూరం జరుపుకున్నాడు.

"గృహస్థ ప్రతినిధి వారు అస్వస్థులుగా ఉన్నట్లు మినిట్స్‌లో నమోదు చేయుడు," అన్నారు అధ్యక్షులు. "వారు స్పర్శకు పూర్వము ఇచ్చిన నివేదిక నిష్కళంకమైనది గనుక అదియే..."

"రూలు ఇరవై రెండు ప్రకారం మాట్లాడతానండి."

విశ్వంభరం గారు కళ్ళజోడు తీశారు. ఆయన భాష కూడా మొదటిసారి కిందికి దిగింది. "అమ్మా, ఇలా రండి. ఎందుకమ్మా ఆ మాట? సాంకేతిక కారణముల దృష్ట్యా పునఃపరిశీలన అని రాద్దాం. కొత్త ఫైలు తెరుద్దాం. ఏడాదిన్నరలో ఆ పిల్ల పని ఆ పిల్లకవుతుంది. తప్పు అనే మాట ఎక్కడా రాదు. మీ పలక మీ దగ్గరే ఉంటుంది. వచ్చే నెల తిరుపతిలో శిబిరముంది, అందరూ మీ కోసమే వస్తున్నారు."

సాంకేతిక కారణముల దృష్ట్యా. మంచి మాటే. హైమవతి ఆ మాటను నోట్లో వేసుకుని చూసింది. ఎవరి తప్పూ లేకుండా చల్లగా జారిపోతోంది. బల్ల చివర పారిజాత నోటీసు కాగితాన్ని ఇంకో మడత పెట్టింది. మడవడానికి ఇక చోటు లేదు. ఏడాదిన్నర దాకా ఇస్త్రీ చొక్కాలు ఆగవు.

ఈలోగా పినాకపాణి బీరువా అడుగునుంచి కట్ట తెచ్చి, తాడు ముడి రాకపోతే పంటితో లాగి, పైనున్న ఫారం దుమ్ము ఊది భార్య ముందు పెట్టాడు.

హైమవతి లేచి నిలబడింది. "నా నివేదికలోని కొన్ని అంశాలు, అప్పటికి అందుబాటులో ఉన్న సమాచారాన్ని బట్టి..."

సుందరరావు వేళ్ళు ఆగాయి. "అమ్మా, ఫారంలో గడి చిన్నదండి. ఇంత పట్టదు."

"కార్యాలయంలో స్పీకర్లు లేని కారణంగా..."

"అది స్పీకర్ల తప్పవుతుందండి. మీది రాయమంటోంది ఇక్కడ."

విశ్వంభరం గారు ప్రోత్సాహంగా తలూపుతూ, "స్పీకర్ల అంశము పరిశీలించదగినదే," అన్నారు.

"ఆడిన సుందరరావు గారు తెరవైపు చూడకపోవడం వల్ల..." అని ఆమె మొదలుపెట్టి, ఆయన వైపు చూసి ఆగిపోయింది. మెట్ల కింద ఆరు నెలలు కూర్చున్న మనిషి, కీబోర్డు మీద పది వేళ్ళూ ఆనించి, ఆమె చెప్పబోయేదాని కోసం ఎడమ పక్కకు తిరిగి ఎదురు చూస్తున్నాడు.

ఇన్ని సాకులు తన దగ్గర ఇంత తయారుగా ఉన్నాయని హైమవతికి అప్పుడే తెలిసింది. ఇంకో రెండు కూడా నాలుక మీద ఉన్నాయి. వాటిని మింగింది. గొంతు సవరించుకుంది. మొదట మెల్లిగా అంది.

"వినబడలేదు," అన్నాడు కుర్చీ జరుపుకున్న సభ్యుడు.

"తప్పు నాదండి," అంది హైమవతి, వరండాలో కూలరు పక్కన ఉన్నవాళ్ళకు కూడా వినబడేట్టు. "ఆ రాణి ప్రతిసారీ చెప్పే కొడుతుంది. నేను వినకుండా రాశాను. ఈ అమ్మాయి చేసింది న్యాయమైన ఆట. తప్పు నాది. సుందరరావు గారూ, అలాగే కొట్టండి."